కావాలని వదిలిన బంతులు

ఇంగ్లండులో ఆడవాళ్ల టెన్నిస్ పోటీలు మొదలైన తొలి ఏళ్లవి. ఫైనల్ ముగిసింది. వరుసగా నాలుగో ఏడు గెలిచిన అక్కా, ఆమె చేతిలో ఓడిన చెల్లెలూ ఆటగత్తెల గుడారంలోకి వచ్చారు.

“చివరి మూడు బంతులూ కావాలనే వదిలావు.”

“గౌను కాళ్లకి అడ్డం పడిందక్కా.”

“మూడుసార్లా? పదేళ్లుగా నీతో ఆడుతున్నాను. నాకే అబద్ధం చెబుతావా?”

“నాన్నగారే అడిగారు.”

“ఏమని?”

“అక్కకిదే ఆఖరి ఏడు, గెలుపుతో పంపుదామని. హ్యూబర్ట్‌తో పెళ్లయ్యాక నువ్వు ఆడకూడదట. వాళ్లమ్మ ముందే మాట తీసుకుంది.”

“ఎవరి దగ్గర?”

“నాన్నగారి దగ్గర. హ్యూబర్ట్ కూడా సరేనన్నాడు.”

“బాగుంది! ఆడేది నేను, మాటిచ్చేది వాళ్లు! నువ్వేమో నాకు గెలుపు ముష్టి వేశావు.”

“నీ మీద ప్రేమతోనే చేశానక్కా.”

“ప్రేమే ఉంటే చేతనైనంత ఆడి ఓడించాల్సింది. రాకెట్ తియ్యి.”

“ఇప్పుడా? బయట జనమంతా టీ తాగుతున్నారు!”

“తాగనీ.”

అందరికీ దూరంగా ఉన్న ఇంకో పచ్చిక కోర్టులో ఇద్దరే ఆడారు. ఈసారి చెల్లెలు ఒక్క బంతి కూడా ఊరికే పోనివ్వలేదు. అక్క ఓడిపోయింది. రొప్పుతూ వలదాకా నడిచి వచ్చింది.

“కప్పు నీదే. కమిటీవాళ్లకి నేను చెబుతాను. వచ్చే ఏటి పోటీకి నా పేరు కూడా ఇవాళే రాయిస్తాను.”

“హ్యూబర్ట్ ఊరుకోడక్కా.”

“ఊరుకోకపోతే ఇంకో పెళ్లికూతుర్ని వెతుక్కోమను. నాకు నిన్ను ఓడించే పని ఉంది.”