తినక్కర్లేదు

ఆ ఆసుపత్రి కోటును ఇంకెంతసేపు ఇస్త్రీ చేస్తావు వదినా? నలక్కుండా తిరిగిచ్చేస్తే మెడల్ ఇస్తారా? ఉద్యోగం మానెయ్యమన్నవాళ్లకి నలిగిన కోటే ఇవ్వాలి. కసితీరా నలిపి మరీ ఇవ్వాలి! అదిగో, నవ్వవు. పోనీ తిట్టు. ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ తిట్టరేంటి?

అన్నయ్యేమో, "పోనీలే, ఇంకో ఆసుపత్రి దొరక్కపోతుందా" అంటాడు. ఇక అమ్మ! "ఇంగ్లీషు టీచరు ఇంట్లోనే ఉంది కదమ్మా, ఆ మెసేజ్ పంపేముందు మా అమ్మాయికి ఒకసారి చూపించాల్సింది" అంది నీతో, రాత్రి అన్నాల దగ్గర. నేను పక్కనే ఉన్నా. నోట్లో ముద్ద అలాగే ఉంది. నువ్వు నావంక చూస్తావనుకున్నా. చూడలేదు. "నిజమే అత్తయ్యా" అన్నావు. ఎందుకన్నావలా?

చూపించావు కదా!

అసలు ఎప్పుడు చూపించలేదు గనక? నిన్ను రిసెప్షన్‌లో వేసినప్పటినుంచీ, పేషెంట్లకి ఏ మెసేజ్ పంపాలన్నా ముందు నాకే. నేను ట్యూషన్ సెంటర్లో పాఠం మధ్యలో ఉంటాను, ఫోను గుర్రుమంటుంది. "అమ్మడూ, ఇది కరెక్టేనా?" బూట్లు బయట విప్పండి అనడానికి "ఓపెన్ యువర్ షూస్" అని రాశావోసారి. తెరవడానికి అవేమైనా బీరువాలా వదినా, అంటే పగలబడి నవ్వావు.

మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. ఒట్టు.

తర్వాత మీ మేనేజరు నీ ఇంగ్లీషు మెచ్చుకున్నాడని అన్నయ్య కేకు తెచ్చాడు చూడు, ఆ రోజు. మా కోడలు ఇంగ్లీషు దంచేస్తుందని అమ్మ మెట్ల దగ్గర నిలబడి మరీ అందరికీ చెప్పింది. నేనూ కేకు తిన్నాను. ఆ వాక్యాలు దిద్దింది ఇదిగో, ఈ పిల్ల అని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. కనీసం నువ్వు. కావాలని కాదులే, మర్చిపోయావు. కానీ నాకు ఎక్కడో చుర్రుమంది.

ఇంక ఆ వయొలిన్ మాస్టారికి పంపిన మెసేజ్. మర్నాడు ఆయనకి హెర్నియా ఆపరేషను. "యూ నీడ్ నాట్ ఈట్ ఎనీథింగ్ బిఫోర్ ది ఆపరేషన్." కరెక్టేనా అమ్మడూ, అన్నావు. కరెక్టే అన్నాను.

గ్రామర్ ప్రకారం కరెక్టే వదినా! ఏ పరీక్షలో రాసినా మార్కులు పడతాయి. కానీ నువ్వు చెప్పాలనుకున్నది తినకూడదని. అక్కడున్నది తినక్కర్లేదని. "మస్ట్ నాట్" ఉండాల్సిన చోట "నీడ్ నాట్" ఉంది. తినక్కర్లేదంటే ఆకలేస్తే తినొచ్చనేగా? తిన్నారు పాపం. బ్రెడ్డు, గ్లాసుడు పాలు. మత్తిచ్చే ముందు ఏమైనా తిన్నారా అని అడిగితే, "మీరు మెసేజ్‌లో చెప్పినట్టే చేశాను" అన్నారట. ఏమీ తినలేదనే అనుకుంది నర్సు. మత్తులో ఉండగా తిన్నదంతా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది.

నీకు చెప్పలేదుగానీ, నిన్న వెళ్లి చూసొచ్చాను. ఐసీయూ అద్దంలోంచి. గొంతులో గొట్టం. కళ్లు మూతలు పడి ఉన్నాయి. వాళ్లమ్మాయి పక్కన కూర్చుని ఆయన వేళ్లు నిమురుతోంది. బయటికొచ్చి, "నాన్నగారి స్టూడెంటా మీరు?" అంది. అవునన్నాను. నోటికొచ్చేసింది. ఆవిడ నా చేతులు పట్టుకుంది, వదినా.

ఇవాళ గొట్టం తీసేశారు. ప్రాణానికి భయం లేదట. ఆ మాట విన్నాకే ధైర్యం వచ్చి మీ పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్లాను. మా వదిన నాకు చూపించే పంపిందండీ, నేనే కరెక్టన్నాను, అని చెప్పాను. "పంపింది ఆవిడ. పంపేముందు మమ్మల్ని అడగాలి, మిమ్మల్ని కాదు" అన్నారాయన. అంతే. నిన్ను మళ్లీ తీసుకునేది లేదన్నారు.

ఆయనకైనా సగమే చెప్పాను.

ఆ ప్లగ్ తీసెయ్, కోటు మాడుతుంది. ఇలా కూర్చో. కూర్చోవా? సరే, నిలబడే విను.

హడావిడిలో చూసుకోలేదని చెప్పాను ఆయనతో. నీతోనూ అదే అనేద్దామనుకున్నా. అబద్ధం. చూశాను. ఆ తేడా ఆ వారమే పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పాను, చూడకెలా ఉంటాను? "మస్ట్" అని టైపు కూడా చేశాను. మళ్లీ తుడిచేశాను. అడిగింది కరెక్టేనా అని కదా, కరెక్టే అందాం అనుకున్నా. ఈవిడగారి ఇంగ్లీషు ఏపాటిదో ఒక్కసారి వాళ్లకీ తెలియనీ అనుకున్నా. మహా అయితే ఆపరేషను వాయిదా పడుతుంది, నీకు నాలుగు చివాట్లు పడతాయి, అంతేగా అనుకున్నా.

అవతల ఒక ముసలాయన ఉన్నాడని నాకు గుర్తే రాలేదు వదినా. నువ్వొక్కదానివే గుర్తున్నావు.