లువీనియా పియానో ముందు కూర్చున్న సాయంత్రం

కాన్సస్ సిటీలో హ్యాటీ నడిపే కాల్చిన మాంసం కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే అలోంజో టిబ్స్ నోటికి మూత ఉండదు. ఆ మధ్యాహ్నం ఎదురుగా చర్చిలో ఎవరో పిల్ల పియానో సాధన చేస్తోంది. అది చాలు ఆయనకి.

"వింటున్నారా? ఆ ఎడమచేతి విసురు లువీనియా క్రాకెట్‌ది. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఈ పేటలో ఏ ఆడపిల్ల పియానో ముట్టుకున్నా ఆవిడ చెయ్యే పలుకుతుంది. మరి ఆవిడని మొదట జాజ్ బేండులో కూర్చోబెట్టిందెవరు? నేనే! అప్పుడు డాన్సు హాల్లో బేస్ వాయించేవాణ్ణి, నాకంటే పొడుగు తీగల వాయిద్యం. ఓ సాయంత్రం పియానో అతనికి జ్వరం. వంటింటి గుమ్మంలో ఓ సన్నపాటి పిల్ల నిలబడి, నేను వాయిస్తానండీ అంది. మా బేండు పెద్ద విరగబడి నవ్వాడు, ఆడవాళ్లు పాడాలి గాని పియానో ఏమిటన్నాడు. కూర్చోనివ్వవయ్యా, అన్నాను నేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వాయించింది," అన్నాడు పోస్ట్‌మాన్ ఓథా, ఎముక చీకుతూ.

"వాయించడమా! ఆ పియానోలో సగం మెట్లు మూగవి. ఆవిడ వేళ్లు తగిలితే మూగవీ పలికాయి. జనం ఆడీ ఆడీ బూట్ల అడుగులు అరగదీసి, మేజోళ్లు అరగదీసి, ఆఖరికి నేల అరగదీశారు. చూస్తుండగానే హాలు జానెడు లోతుకి దిగబడింది!"

"మొన్న బెత్తెడే అన్నావు కదా బాబాయ్?"

"నేల కుంగుతూనే ఉంటే నన్నేం చెయ్యమంటావురా! అటు స్టేషన్లో చికాగో రైలు కదలనని మొండికేసింది. డ్రైవరు కూత వేస్తే ఆ కూత కూడా ఆవిడ శ్రుతిలోనే పలికింది. సరే, మిస్సోరీ నది ఏం చేసిందనుకున్నారు? తన దారిన తాను పోయేది కాస్తా వెనక్కి తిరిగొచ్చి, మా కిటికీ కింద చెవి ఒగ్గి నుంచుంది. చేపలు తోకల మీద లేచి తాళం వేశాయి. ఇదంతా పడిపోకుండా నిలబెట్టిందెవరు? వెనకాల నా బేస్! నేనొక్క దెబ్బ తప్పి ఉంటే ఊరు ఊరంతా..."

"అలోంజో," అంటూ హ్యాటీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఆ సాయంత్రం ఆ హాలు గుమ్మంలో, వచ్చినవాళ్లు విప్పిన కోట్లు అందుకుంటున్నది నేను. నది సంగతి నాకు తెలీదు గాని నీ సంగతి తెలుసు. బేండులో మనుషులెక్కువయ్యారని ఆ రోజే నిన్ను తీసేశారు. నువ్వు వంటింట్లో పళ్లాలు కడుగుతున్నావు. లువీనియా మొదటి పాటకే జనం ఈలలు వేశారు. రేపట్నుంచి రమ్మన్నాడు బేండు పెద్ద. ఆవిడేమంది? 'వంటింట్లో ఒకాయన మొహం వేలాడేసుకుని ఉన్నాడు, ఆయన్ని కూడా పిలిస్తేనే వస్తాను' అంది. అప్పటికి ఆవిడకి నీ పేరు కూడా తెలీదు."

ఓథా నవ్వబోయి, అలోంజో మొహం చూసి ఆగిపోయాడు.

అలోంజో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆవిడ పోయేదాకా ఆవిడ వెనకాలే వాయించాను," అన్నాడు. "నా పిల్లలు తిన్న తిండి ఆవిడ పుణ్యమే. నదులంటావా, ఎన్నైనా తిప్పుతాను. ఆవిడ నా కోసం అన్న ఆ ఒక్క మాటని మాత్రం, ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం నాకు చేతకాదు హ్యాటీ. అందుకే చెప్పను."