వేగుచుక్క రాని మాఘం

గురవమ్మ బావి దాపుకి ఎవరూ పోరు గదా, ఎందుకు పోరో మీలో ఒక్కడికన్నా తెలుసా? తెలియదు. దెయ్యం ఉందంటే చాలు, ఇంకేం అడగరు మీరు. ఆ చుట్ట అవతల పారేసి కూర్చోరా చెంచయ్యా, చెప్తా.

ముందు అటు చూడండి, పడమట. సరిగ్గా చీకటి పడకముందే తెల్లగా వెలుగుతుందే, అది శుక్రుడు. కొన్నాళ్ళకి అదే చుక్క పడమట దిగి కనపడకుండా పోయి, ఆ తర్వాత తెల్లారుజామున తూర్పున తేలుతుంది, అప్పుడు దాన్నే వేగుచుక్క అంటాం. ఇటున్నప్పుడు అటుండదు. అరక పట్టినోళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

ఆ బావి కింద రెండు మిరప చేలు, ఒకటి పున్నయ్యది, ఒకటి మొగుడు పోయిన గురవమ్మది. ఊట తక్కువ, పగలంతా బావిని ఊరనివ్వాలి. అందుకని వాళ్ళ పెద్దలు వంతు పెట్టుకున్నారు, చీకటి పడ్డకాణ్ణించి వేగుచుక్క పొడిచేదాకా పున్నయ్య వాళ్ళు ఎడ్లకి మోకు తాడు కట్టి మోట తోలి నీళ్ళు తోడుకోవాలి, అక్కణ్ణించి ఎండ వచ్చేదాకా గురవమ్మ వాళ్ళు. మరి చుక్క పడమటికి పోయిన మాఘంలో ఎట్లా అంటారా? ఆగ్నేయ మూల తేలు ఆకారంలో ఉండే చుక్కల కొండి పైకి రాగానే వంతు మార్చుకునేవాళ్ళు. ఆమె మొగుడున్నన్నాళ్ళూ అట్లాగే జరిగింది.

మొగుడు పోయిన ఏడు పున్నయ్య ఏమన్నాడో తెలుసా? పెద్దలు చెప్పింది వేగుచుక్క గానీ తేలు కాదు, చుక్క పొడవలేదు గాబట్టి వంతు ఇంకా నాదే అన్నాడు. ఆమె రోజూ ఎడ్లు తోలుకొచ్చి గట్టున నిలబడేది, వీడు ఎండ వచ్చాక గానీ మోట విప్పేవాడు కాదు. కాయ మీదున్న చేను వాడిపోతుంటే ఆమె పెద్దమనుషుల కాళ్ళు పట్టుకుంది. అందులో మా తాత కూడా ఉన్నాడు, చచ్చినోణ్ణి అనకూడదు, అయినా అంటా. దుక్కికి పున్నయ్య ఎడ్లు కావాలి అందరికీ, అందుకని మాట మాటే, చుక్క పొడవనియ్యమ్మా చూద్దాం అన్నారు. ఆ మాట అన్నది సందెవేళ, పడమట ఆ చుక్క వాళ్ళ మొహాల మీదే వెలుగుతుంటే. థూ!

ఇంకేం చేస్తుంది, ఒక తెల్లారుజామున కడవ పట్టుకుని బావి మెట్లు దిగింది, పాచికి జారి నీళ్ళలో పడింది. అన్నా, మోకు కిందికి వదలవా అని అరిచిందంట. దొంగతనంగా ముంచుకుంటందిలే అనుకుని వీడు ఎడ్లని ఇంకా అదిలించాడు. తెల్లారి ఆమె శవం తేలాక సిగ్గులేకుండా వాడే చెప్పాడు.

ఆమె దినాలు అయ్యీ కాకముందే మళ్ళీ మోట కట్టాడు, రెండు వంతులూ ఇప్పుడు వాడివే గదా. తెల్లారబోతుండగా ఎడ్లని విప్పబోతే బావిలోంచి మెల్లిగా అడిగిందంట, అన్నా, చుక్క పొడిచిందా అని. లేదమ్మా అన్నాడు వీడు. అయితే నీ వంతే గదన్నా, తోలు, అంది. అంతే, ఇక మోట వదల్లేకపోయాడు. పక్కనున్న జీతగాడు ఎల్లమంద ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు, ఊరంతా పోయి చూసేసరికి ఎండ వచ్చింది, ఎడ్లు నురగలు కక్కుతా కూలబడ్డాయి, వీడే మోకు భుజానేసుకుని లాగుతున్నాడు, నీళ్ళైపోయి బురద వస్తంది. ఆమె అడిగినప్పుడల్లా ఇంకా పొడవలేదమ్మా అంటున్నాడు.

చుక్క పడమటుందమ్మా, నీ వంతు ఎప్పుడో వచ్చింది అని ఎవడన్నా ఒక్క మాట అంటే వదిలేది గదా! పెద్దమనుషులంతా గట్టునే ఉన్నారు. అంటే మాత్రం, తెలిసే అబద్ధమాడామని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. నేల చూపులు చూస్తా నిలబడ్డారు, వాడు నెత్తురు కక్కుకుని పడిపోయేదాకా. దెయ్యమంటే నాకేం భయం లేదు, భయమంతా ఇట్లాంటి పెద్దమనుషులంటేనే.

ఆమె ఇప్పటికీ అడుగుతుందంట. తలెత్తి చూసి ఉన్నదున్నట్టు చెప్పినోణ్ణి ఏమీ చెయ్యదు. మీకది చేతకాదు. అటు పోబాకండి.