జెరెమియా కుడిచెయ్యి

"చచ్చినోళ్ళ పేర్లు చెక్కేటోనికి బీమా ఎందుకు బ్యూలా?"

"చెక్కే చెయ్యి బతికే ఉన్నది గదా. దానికి."

కార్ఖానా బస్తీలో జెరెమియా సమాధిరాళ్ళ దుకాణం. భార్య పోయిన ఏడేళ్ళుగా అతను ఎవరినీ కూర్చోమనడు. కొంతకాలంగా కుడిచెయ్యి మాట వినడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతని చర్చికే వచ్చే, బీమా ఆఫీసులో పనిచేసే బ్యూలా కూడా భర్త పోయిన మనిషే. మల్కాజ్‌గిరి నుంచి మూడోసారి వచ్చి, అడక్కుండానే సగం చెక్కిన రాయి మీద కూర్చుంది.

"దాని మీంచి లే. అది రోసమ్మగారిది."

"ఆమె ఏమనుకోదు. బతికున్నప్పుడు కుర్చీ వేసేది నాకు."

"నాకు ఆస్పత్రి మీద నమ్మకం లేదు. బిల్లు చూస్తే గుండె ఆగుతది. ఆ గుండెకు మళ్ళ ఒక బిల్లు."

"అందుకే హెల్త్ పాలసీ. బిల్లు కంపెనీ కడతది."

"అంతానా?"

"కాగితంల ఏమున్నదో అంత."

"చూసినవా."

"పోనీ, యాక్సిడెంట్ పాలసీ చూడుండ్రి. రాయి కాలు మీద పడి మంచమెక్కిన్రనుకో, పని లేనన్ని వారాలు వారం వారం పైసలిస్తరు."

"పడకుండ ఊకెనే పండుకుంటే?"

"ఊకెనే పండుకుంటే ఎవరిస్తరు?"

"సర్కారు నౌకరోళ్ళకు ఇస్తున్నరు గద."

"మీతోని మాట్లాడుడు కష్టం. పెద్ద జబ్బులది ఇంకొకటున్నది. క్యాన్సరు, గుండెపోటు అసొంటివి. జబ్బు తేలంగనే మొత్తం ఒక్కసారే చేతిల పెడతరు."

"జబ్బొస్తే బహుమానమా. బాగున్నది."

"ఆ సుత్తి ఎడమచేతిల ఎందుకున్నది?"

"ఏ సుత్తి?"

"మీ చేతిల ఉన్నది. పోయిన నెల కుడిచేతిల ఉండె."

"రెండు చేతులూ అలవాటు చేస్తున్న."

"అరవై ఏండ్లకా?"

"యాభై ఎనిమిది."

"ఇగో, ఈ రాయి మీద చూడుండ్రి. 'ప్రభువునందు నిద్రించెను' అన్న వరుస వంకర పోయింది."

"రోసమ్మగారు సుత వంకరగనే నడిచేది."

"జెరెమియా గారూ. చెయ్యికేమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకపోతే ఆ వేళ్ళు ముడిచి చూపియ్యుండ్రి."

"తిమ్మిరి. పొద్దున లేస్తే ముడుచుకోవు. మారేడ్‌పల్లి డాక్టరు నరం నొక్కుకున్నదన్నడు. కొయ్యాలన్నడు. కోసినంక రెండు నెలలు సుత్తి ముట్టొద్దంట. ముట్టకపోతే ఏం తినాలె, రాళ్ళా?"

"ముందే ఎందుకు చెప్పలే?"

"ఇప్పుడు చెప్పిన గద. ఏదో ఒక పాలసీ రాసెయ్యి. చెయ్యి సంగతి మాత్రం రాయకు."

"రాస్త. దాస్తే రేపు క్లెయిమ్ కొట్టేస్తరు."

"రాస్తే?"

"ఆ చెయ్యి ఖర్చుకు మూడేండ్లు ఆగాలె. దెబ్బ తగిలింది కాదు గనుక వారం పైసలు సుత రావు."

"మరి మూడుసార్లు ఎందుకొచ్చినవ్? నా చెయ్యికి పనికొచ్చేది ఒక్కటి లేదు నీ సంచిల."

బ్యూలా సంచి మూసి పక్కన పెట్టింది.

"ఒక్కటున్నది. సంచిల లేదు."

"ఎక్కడున్నది?"

"మా ఆఫీసుల పనిచేసేటోళ్ళ పాలసీ. అందరికీ కలిపి ఒక్కటే. అండ్ల పాత జబ్బు సుత మొదటి రోజు నుంచే చెల్లుతది. ఆగుడు లేదు."

"అండ్ల నన్ను రాయి."

"నా పేరున్నది. పక్కన ఇంకొక్క పేరుకు జాగా ఉన్నది."

"రాయి మరి. బ్రదర్ అని రాయి. చర్చిల అందరు బ్రదర్సే గద."

"బ్రదర్ నడవదు."

"ఎవరు నడుస్తరు?"

"మొగుడు."

జెరెమియా సుత్తి కింద పెట్టాడు.

"బ్యూలా. నువ్వు అందర్ని బ్రదర్ అంటవు. గేటుకాడి వాచ్‌మెన్‌ను సుత."

"అంట."

"నన్ను ఎన్నడు అనలే."

"మర్చిపోయినేమో."

"ఏడేండ్లా?"

"మీరు రాయి చెక్కుండ్రి."

"నేను మంచోణ్ణి కాదు. నా నోరు చెడ్డది."

"తెలుసు. అది సుత పాత జబ్బే. మొదటి రోజు నుంచే చెల్లుతది."

"చెయ్యి కోసినంక రెండు నెలలు ఇంట్ల కూసుంట. తిట్టుకుంట కూసుంట."

"నా జీతమొస్తది. నేను ఆఫీసుకు పోత, మీరు గోడలను తిట్టుండ్రి. వంకాయ కూర తింటరా?"

"ఉప్పు తక్కువేస్తే తిన."

"ఎక్కువేస్త."

"ఆ పేరు ఎప్పటికల్ల ఎక్కియ్యాలె?"

"వచ్చే నెలాఖరు. అది దాటితే మళ్ళ ఏడాది ఆగాలె."

"చర్చిల పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలె గద. ఈ ఆదివారం షురూ చేస్తే అందుతది. పాస్టరయ్యతోని నేనే మాట్లాడ్త. మీ అక్క ప్రిసిల్లాకు సుత నేనే చెప్త."

"అక్కర్లే. వాళ్ళిద్దరికి పోయిన వారమే చెప్పిన. మీకొక్కరికే చెప్పలే."