స్నేహాల బెంచీ

సాయంత్రం. వంటింట్లో తల్లి కప్పులు కడుగుతోంది. బడి నుంచి వచ్చిన కూతురు ఇంకా వీపు మీది బ్యాగ్ దించలేదు.

"ఆ బ్యాగ్ దించవే, అదేం నీతో పాటు పుట్టింది కాదు. ఆవిడ వస్తానంటే నీకెందుకంత కంగారు?"

"ఎవరొస్తున్నారన్నావ్?"

"ఇప్పుడేగా చెప్పాను. మీ క్లాసులో పొట్టి జడల పిల్ల లేదూ, వాళ్ళమ్మ. బట్టలు కుడుతుందే, ఆవిడ. మధ్యాహ్నం ఫోన్ చేసి, మీ ఇంటికొచ్చి మాట్లాడాలండీ అంది."

"ఎందుకట?"

"ఎందుకేంటి? పిల్లల్ని పిల్లలు ఏడిపించకుండా చూసే కమిటీకి అధ్యక్షురాల్ని కదా నేను. మీ నాన్న దాన్ని టీ కమిటీ అంటారు. ఇవాళ తెలుస్తుంది ఆయనకి."

"నాన్నకి చెప్పకు."

"ఆ పిల్ల వారం నుంచి బడికి రావట్లేదట. పొద్దున లేస్తే కడుపునొప్పట. డాక్టరేమో కడుపులో ఏం లేదన్నాడట. ఎవరో దాన్ని ఏడిపిస్తున్నారు. ఎవరే?"

"నాకేం తెలుసు?"

"నేను కొత్త చీర కట్టుకుంటే వీధి చివర్నుంచి కనిపెడతావు. నీ పక్క బెంచీలో పిల్ల సంగతి తెలీదా?"

"అందరూ."

"అందరూ అంటే ఎవరూ కాదని. పేరు చెప్పు."

"ఏడిపించరమ్మా. బెంచీ మీద కూర్చోబెడతారు, అంతే."

"ఏ బెంచీ?"

"నీ బెంచీ."

"స్నేహాల బెంచీయా? అది మంచికే కదా పెట్టించాను. ఆడుకోడానికి తోడు లేనివాళ్ళు అక్కడ కూర్చోవాలి, మిగతావాళ్ళొచ్చి పిలుచుకెళ్ళాలి. దగ్గరుండి నీలం రంగు వేయించాను. ఆరకముందే హెడ్మాస్టరుగారు కూర్చుని లేచారు కూడాను."

"దాన్ని ఎవరూ అలా అనరు. మిగిలిపోయినోళ్ళ బెంచీ అంటారు."

"మరి... పిలవడానికి ఎవరూ రారా?"

"వస్తే వాళ్ళూ మిగిలిపోయినోళ్ళే. మొదటిరోజు నువ్వేం చేశావో గుర్తుందా?"

"రిబ్బన్ కత్తిరించాను. నాలుగు మాటలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు."

"మైకులో అడిగావ్. మీలో స్నేహితులు లేనివాళ్ళెవరు అని. ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పుడు ఆ పిల్లని చూసి, నువ్వు రామ్మా, సిగ్గుపడకు అన్నావ్. కూర్చోబెట్టి ఫోటో తీయించావ్. ఇంకా ఆఫీసు గదిలో ఉంది ఆ ఫోటో."

"ఒక్కతే ఓ పక్కగా నిలబడి ఉంటే... ఎలా కూర్చోవాలో చూపించాలి కదే. ఎవరో ఒకళ్ళు కూర్చోవాలి కదా."

"నన్ను కూర్చోబెట్టాల్సింది."

"నీకు స్నేహితులున్నారుగా."

"ఊఁ."

"సరే. తప్పు నాదే. ఆవిడ రాగానే ముందు ఆ మాటే చెప్తాను. రేపు బెంచీ తీయించేస్తాను."

"తీసేస్తే, ఆ పిల్లవల్లే తీసేశారంటారు."

"ఉంచితే కూర్చోబెడతారు, తీస్తే ఆడిపోసుకుంటారు. ఇంత తలనొప్పని తెలిస్తే హాయిగా బీరువా సర్దుకుంటూ ఇంట్లోనే కూర్చునేదాన్ని. పోనీ, నువ్వైనా వెళ్ళి పిలవలేకపోయావా?"

"పిలిచాను. ఒకసారి."

"మా అమ్మే. పిలిచావా? మరి?"

"మర్నాడు నన్నూ దాని పక్కన కూర్చోమన్నారు. మీ అమ్మ బెంచీయేగా, కూర్చో అన్నారు. గంట కొట్టేదాకా లేవనివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు మైకు పట్టుకుంటావ్."

"ఆ కప్పు ఇలా ఇవ్వు, అదీ కడిగేస్తాను."

"కోపం వచ్చిందా?"

"లేదు. రావాల్సింది నీకు. ఇప్పటికీ కూర్చోబెడుతున్నారా నిన్ను?"

"లేదు. ఇప్పుడు లేదు."

"ఎలా వదిలేశారు?"

"వదిలేశారు, అంతే. అమ్మా, ఆవిడని రావద్దని చెప్పు. ఊళ్ళో లేమని చెప్పు."

"మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఊళ్ళో లేమని తలుపు తీసి చెప్పనా? తలుపుకి అడ్డం నిలబడతావేంటే? ఇలా రా. నీ పేరు బయటికి రానివ్వను, సరేనా? దాన్ని రోజూ లాక్కెళ్ళి కూర్చోబెట్టేది ఎవరో ఆ ఒక్క పేరు చెప్పు. మిగతాది ఆవిడ ముందే నేను తేలుస్తాను."

"ఆవిడకి ఆ పేరు తెలుసమ్మా. తెలిసే మనింటికి వస్తోంది."