లచ్చయ్య బిడ్డ నౌకరి ఇడిసిన ముచ్చట

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది దేవవ్వ. కోరుట్ల బస్టాండు ఎదురుంగ చాయ్ హోటల్ ఆమెదే. ప్రకాశ్ గూడ చెప్పబోయిండు గని ఆయన చెప్పేది నేను ఇనలే. ఆయన మాట మీద నాకు నమ్మకం లేదు, ఎందుకో మీకే ఎరుకైతది.

కథలాపూర్ దిక్కు లచ్చయ్య నలభై ఏండ్లు తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. ఆయన బిడ్డ అలేఖ్య హైదరాబాదుల పెద్ద కంపెనీల ఏడేండ్లు చేసి, నౌకరి ఇడిసిపెట్టి, హత్యల నవలలు రాసుకుంట కూసున్నది. దుబాయి నుంచి వాపసు అచ్చి ఆటో నడుపుకునే ప్రకాశ్ ఏమన్నడంటే, "ఇడిసిపెట్టుడు గాదు, కంపెనోళ్ళే ఎల్లగొట్టిండ్రట" అన్నడు. గా మాట కోరుట్ల నుంచి జగిత్యాల దాక పోయింది. గప్పటిసంది లచ్చయ్య ప్రకాశ్ కూసున్న బల్ల మీద కూసోడు.

దేవవ్వ చెప్పిన గా దినం గూడ లచ్చయ్య హోటల్ల ఎదురు బల్ల మీదనే కూసోని, ప్రకాశ్‌కు ఇనవడేటట్టు మొదలుపెట్టిండు.

"అలేఖ్య ఇంటికాడనే కూసోని లాప్‌టాప్ల కంపెనీ పని చేసుకునేటప్పటి మాట. చెట్టు మీద నా లొట్టిల కల్లు దినాం తగ్గుతుంది. చెట్టు మొదట్ల చూస్తే బురదల అడుగు, ఎడమకాలు బొటనవేలు పక్కకు తిరిగి ఉంది. గసొంటి కాలు మా ఊర్ల ఒక్కనికే ఉంది. ఏం సారన్నా?"

ప్రకాశ్ పక్కన కూసున్న సారయ్య చెప్పులల్ల కాళ్ళు లోపలికి గుంజుకున్నడు. "ఒక్క బుక్కెడే తాగిన" అన్నడు.

"ఇన్నరా? గిదే అలేఖ్య కథ రాసింది. గా కథ వాళ్ళ మేనేజరు సదివిండు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? నాకే ఫోన్ జేసిండు. ఆఫీసుల చార్జర్లు మాయమైతున్నయి, మీరే దొరకబట్టాలె అన్నడు. నేను చెట్టు మీదున్న. వీడియో పెట్టుమన్న. ముప్పై డబ్బలు, డబ్బకొక్క మొఖం. అందరు నా మొఖం దిక్కు చూస్తుండ్రు, ఒక్కడు మాత్రం నా లొట్టి దిక్కు చూస్తుండు. రెండో వరుస, ఎర్రంగి, నువ్వే లెవ్వు అన్న. లేసిండు. జేబులకెళ్ళి పదకొండు చార్జర్లు పడ్డయి."

"గన్ని ఎట్ల పట్టినయే జేబుల?" అన్నది దేవవ్వ.

"పాంటుకు జేబులు ఎక్కువున్నయి. నడుమ అడ్డం రాకు. గప్పుడు బిడ్డతోని అన్న, దొంగల నడుమ కూసోని జీతం తీసుకునుడు ఎందుకే, వాళ్ళ మీదనే రాసుకోరాదు అని. తెల్లారి రాజీనామా ఇచ్చింది. తనంతల తాను ఇచ్చింది, ఇనేటోళ్ళు ఇనుండ్రి! మేనేజరు కారేసుకోని అచ్చి, మా చెట్టు కింద మూడు దినాలు కూసున్నడు, పంపుండ్రి అని. ఆఫీసుల ఎనిమిది వందల మంది ఏడ్చిండ్రు. మూడో అంతస్తుల కన్నీళ్ళు రెండో అంతస్తుకు కారినయి. మోటరు పెట్టి తోడిండ్రు."

"కరెంటు బిల్లు ఎవలు కట్టిండ్రు?" అన్నడు ప్రకాశ్.

లచ్చయ్య ఆయన దిక్కు చూడలే. "పుస్తకం అచ్చినంక సిరిసిల్లల మగ్గాలు బందయినయి, అందరు సదువుకుంట కూసున్నరు. దొంగలు గూడ కొనుక్కున్నరు. మన పనులన్ని లచ్చయ్యకు ఎరుకైనయిరా అని వాళ్ళే పోయి లొంగిపోయిండ్రు. లైను సిరిసిల్లల మొదలైతే తోక ఎల్లంతకుంటల ఉంది. జగిత్యాలల తాళంకప్పలు అమ్మెటాయన మిర్చిల బండి పెట్టుకున్నడు. పోలీసోళ్ళు నాకు ఫోన్ జేసి, బిడ్డను జర మెల్లగ రాయమను, దొంగలను కూసోబెట్టుతందుకు జాగ లేదన్నరు. గా పుస్తకంల ఇన్‌స్పెక్టరు ఎవలనుకున్నరు? నేనే!"

మూలకు వనిత కూసోని ఉంది. బడిల పంతులమ్మ, జగిత్యాల బస్సు కోసం చూస్తుంది. సంచిలకెళ్ళి పుస్తకం తీసింది.

"తాతా, నువ్వు ఇది సదివినవా?"

లచ్చయ్యకు సదువు సంతకం దాకనే అచ్చు. అట్ట ఎనుక బిడ్డ ఫోటో చూసుకున్నడు గంతే. "నా ముచ్చట నేను సదువుడేంది?" అన్నడు.

"ఇన్‌స్పెక్టరు ఆడామె తాతా. లచ్చయ్య అని ఒకాయన ఉన్నడు గని, మూడో పేజీలనే సచ్చిపోయి ఉంటడు."

హోటలంత నవ్వు. ప్రకాశ్ బల్ల చరిచి చరిచి నవ్విండు. "నౌకరి పోయిన కోపం అయ్య మీద తీసిందే మామా!"

లచ్చయ్య పుస్తకం దిక్కు వంగిండు. "ఎట్ల సచ్చిన?" అన్నడు.

"చెట్టెక్కుతుంటే మోకు తెగి పడ్డవు."

"మోకు తెగిందా?" లచ్చయ్య లేసి నిలవడ్డడు. "నడుముకు, చెట్టుకు కలిపి చుట్టుకునే తాడు అది. నాది నేనే పేనుకున్న. నలభై ఏండ్లల ఒక్క పోగు లేవలే. సంపితే సంపనీ, గని నా మోకు తెగిందని రాస్తదా?"

"కూసో తాతా, ఊరంత గట్లనుకుంటది. ఆఖర్ల తేలుతది, ఎవడో కత్తితోని కోసిండని."

"ఎవడు?"

వనిత జర ఎనుకాముందయింది. "ఊర్ల ఒకల మీద లేని మాట పుట్టిస్తడు. గది లచ్చయ్యకు ఎరుకైతదని కోస్తడు. దుబాయి నుంచి వాపసు అచ్చిన ఆటో ఆయన. పేరు ప్రకాశ్."

ఎవలు నవ్వలే. సారయ్య మెల్లగ ప్రకాశ్‌కు దూరం జరిగి కూసున్నడు.

"గది నేను గాదు!" అన్నడు ప్రకాశ్. "ఊరంత నేనే అనుకుంటది మామా. అలేఖ్యకు ఫోన్ జెయ్యి. పేరు మార్వమను, నీ కాళ్ళు మొక్కుత."

గా మాట పుట్టినంక లచ్చయ్య మొట్టమొదటిసారి అచ్చి ప్రకాశ్ బల్ల మీద కూసున్నడు. చాయ్ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు.

"మారుస్తది. నా మాట ఎన్నడు తీసెయ్యలే. గని ముందుగాల నువ్వు లేసి నిలవడి, గీ హోటల్ల ఉన్నోళ్ళందరికి ఇనవడేటట్టు చెప్పు ప్రకాశ్. నా బిడ్డను కంపెనీ ఎల్లగొట్టిందా, కంపెనీని నా బిడ్డ ఇడిసిపెట్టిందా?"