బావ రక్తం, బంగారు పూత

ఆస్పత్రి వెనక ప్రయోగశాల. స్టూలు మీద వేలికి దూది అదుముకుని బావ. గాజు గొట్టాల ముందు మరదలు.

"మళ్ళీ నీలమే! బావా, ఇంకో వేలు ఇలా ఇయ్యి."

"ఈ చేతికి ఇంక వేళ్ళు మిగల్లేదే మరదలా. అన్నం తినడానికన్నా రెండు ఉంచు."

"నవ్వులాట కాదు. రేపు పెద్దసారుకి చూపించాలి. ఇలాగే నీలమైతే నా పని గోవిందా!"

"నీలమైతే ఏం, బాగానే ఉందిగా చూడ్డానికి."

"నీ మొహం! ఇసుక నలుసులకి బంగారు పూత వేశాం. కంటికి ఆనవు. విడివిడిగా ఉన్నంతసేపూ నీళ్ళు ఎర్రగా ఉంటాయి. రక్తంలో కేన్సరు ఆనవాలుంటే అన్నీ దాని చుట్టూ మూగి నీలంగా మారతాయి."

"పూతేనా? మీ అక్కకి నేను కొన్న గొలుసూ పూతే. అదీ రంగు మారింది."

"మారి నీ బండారం బయటపెట్టింది. ఇప్పుడు నా వంతు."

"ఇంకెవరి రక్తమన్నా చూడొచ్చుగా?"

"కొలబద్ద కుదరందే మిగతావాళ్ళవి ముట్టుకోకూడదు. జబ్బులేనివాడి రక్తానికి ఎర్రగానే ఉండాలి, ఆ కొలబద్దవి నువ్వు. గుండ్రాయివి, తుమ్మయినా రాదు."

"అవునవును. గుండ్రాయే."

"పోయినవారం రమ్మంటే ఏమయిపోయావ్?"

"పనిపడింది."

"ఏం పని?"

"పనంటే పనే. అది సరే గానీ, ఈ నలుసులే ఒంట్లోకి ఎక్కించి వెలుగు కొడితే గడ్డ మాడిపోతుందన్నావే. అది మనుషులకి ఎప్పుడు?"

"మా దగ్గర ఇంకా ఎలుకలతోనే సరి. నీకెందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది? సరే, పూత చెడింది. మొత్తం పారబోస్తా."

"ఆగాగు! రెండేళ్ళ కష్టమే!"

"అబద్ధాలు చెప్పే సరుకు నాకెందుకు?"

"పారబోయకే."

"చెయ్యి వదులు బావా."

"అది అబద్ధం చెప్పట్లేదే."

"అంటే?"

"పోయినవారం నా పని... స్కానింగు. గడ్డ ఉందన్నారు. అదేనన్నారు."

"బావా! అక్కకి..."

"చెప్పలేదు. నాకు గడ్డ కంటే మీ అక్కంటేనే భయం."

"ఇంతసేపూ నా ముందు కూర్చుని..."

"ఏడవకు, గొట్టం ఒలుకుతుంది. రేపు పెద్దసారుకి దాన్ని చూపించు, పక్కన నన్నూ చూపించు. ఆ తర్వాత నీ ఎలుకల వెనకాల, వరసలో నన్నూ నిలబెట్టు."